పాలు కక్కే బిడ్డకు ఒక ఎమ్మెల్ మందు

నా తర్వాత నా కుర్చీలో కూర్చోవడానికి వచ్చిన అమ్మాయి మొదటి రోజే అడిగింది, "మేడమ్, డాక్టరు రాసింది చూసి సీసా తీసి ఇవ్వడమే కదా, దీంట్లో కష్టమేముంది?" అని. నాకు చర్రున కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు చేసిన పనిని అంత తేలిగ్గా తీసిపారేస్తే రాదా మరి! కానీ ఆ పిల్లను ఏమీ అనలేదు, ఎందుకంటే చేరిన కొత్తలో నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. ఆ పూట టీ తాగుతూ నాలుగు మాటలు చెప్పాను. చెప్పాల్సినవి ఇంకా చాలా మిగిలిపోయాయి. అవి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఫార్మసిస్టుని. పెనుకొండలో ఒక క్లినిక్కును ఆనుకుని ఉన్న మందుల షాపులో మొదలుపెట్టాను. తర్వాత హిందూపురంలో ఒక పిల్లల నర్సింగ్ హోము, చివరి పన్నెండేళ్ళు ధర్మవరంలో దాతలు నడిపే ఒక చిన్న ఆసుపత్రి. పేర్లు రాయను, అడగకండి. జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరు ఎవరి మీద ఫిర్యాదు కాగితాలు పెట్టారో అవన్నీ మీకు అక్కర్లేదు. మూడు ఊళ్ళలోనూ నా కిటికీ ముందు ఎక్కువగా నిలబడింది చంటిబిడ్డల తల్లులు. వాళ్ళు ఎక్కువగా చెప్పిన మాట ఒకటే, "బిడ్డ తాగిన పాలన్నీ కక్కుతాండాడు మేడమ్." ఆ మాటకు మనం చెప్పే జవాబు మీద, ఇచ్చే సీసా మీద ఒక ఇల్లు ఎంతగా ఆధారపడి ఉంటుందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకే వేరే సంగతులన్నీ వదిలేసి దాని గురించే రాస్తున్నాను.

చీర మీద పడిన పాలు

హిందూపురంలో మా డాక్టరమ్మ ఒక చిత్రమైన మనిషి. చీటీ మీద ఒక్క మందు రాయాలన్నా ఆమెకు చెయ్యి వచ్చేది కాదు. ఈమె వల్ల బేరమే లేకుండా పోతోందని అక్కడి మందుల షాపు యజమాని నా దగ్గర గొణుక్కునేవాడు. పాలు కక్కుతున్నాడని బిడ్డను తెస్తే ఆమె ముందు తూకం వేయించేది. తర్వాత, "పగలూ రాత్రీ కలిపి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తాడు? కక్కినాక ఏడుస్తాడా, నవ్వుతాడా?" అని అడిగేది. జవాబులు విని, "వీడికే జబ్బూ లేదమ్మా. కష్టమంతా నీ చీరకే. ఉతుక్కో పో" అని పంపించేది.

ఆ తల్లులు ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. "ఏం మేడమ్, అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చి దుడ్లు కట్టినాం, ఒక సీసా గూడా రాయకుండా పంపిస్తాండారే" అని నిష్ఠూరం. వాళ్ళకి విడమరిచి చెప్పడం నా వంతు అయ్యేది. చంటిబిడ్డ కడుపు పైమూత ఇంకా గట్టిపడి ఉండదు. కాస్త ఎక్కువ తాగినా, ఒళ్ళు ముడుచుకున్నా పాలు పైకి వచ్చేస్తాయి. బిడ్డ కూర్చోవడం నేర్చి, అన్నం తినడం మొదలుపెట్టాక తగ్గుతుంది. ఏడాది దాటేసరికి చాలామందికి పూర్తిగా పోతుంది. అందాకా పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వాలి. తాగాక తేన్పు వచ్చేదాకా, వచ్చాక కూడా కాసేపు, భుజాన నిటారుగా ఎత్తుకోవాలి.

మన వైపు ఇంకొకటి ఉంది. పాలు తాగించిన మరుక్షణం బిడ్డను చీర ఉయ్యాలలో వేసి ఊపుతారు. ఆ చీరలో బిడ్డ వీపు వంగిపోయి మోకాళ్ళు పొట్టకు ఆనుకుంటాయి. ఇంక పాలు పైకి రాక ఏం చేస్తాయి? ఉయ్యాల మానేయమంటే ఎవరూ వినరు, మీ మీద కోపం పెంచుకుంటారు కూడా. కాసేపు ఆగి వెయ్యండి అంటే వింటారు. నిద్రపుచ్చేటప్పుడు చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టమని చెప్పండి. ఈ నాలుగు మాటలతో నేను ఎన్ని సీసాలు అమ్ముడుపోకుండా ఆపానో మా యజమానికి ఎప్పుడూ తెలియలేదు.

ఈ మాటలు బాగా ఒంటబట్టాక నాకు కొంచెం పొగరు వచ్చింది. ఒక సాయంత్రం డాక్టరమ్మ లేనప్పుడు గోరంట్ల నుంచి ఒక రైతు వచ్చాడు. పక్కన భార్య, ఆమె చేతుల్లో నెల బిడ్డ. "పాలు తాగినాక ఎగిరొచ్చి నా చొక్కా మీద పడతాండాయి మేడమ్. ఆడ దూరంగా కూచున్నా గూడా పడతాండాయి" అన్నాడు. నేను నవ్వాను. "ఏం కాదప్పా, చొక్కా ఉతుక్కో" అని డాక్టరమ్మ మాటనే కాస్త మార్చి చెప్పి పంపించేశాను. అతను నమ్మి వెళ్ళిపోయాడు. పది రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ బిడ్డ ముఖం ముసలివాడి ముఖంలా ముడతలు పడి ఉంది. కడుపు నుంచి పాలు కిందికి దిగే దారి మూసుకుపోయిందట. ఆ పూటే బెంగళూరు పంపించారు, ఆపరేషన్ చేసి బతికించారు.

డాక్టరమ్మ అందరి ముందూ అరవలేదు. లోపలికి పిలిచి, "నా మాటలు నేర్చుకున్నావు. మాట్లాడే ముందు బిడ్డను తూకం వేస్తానే, అది ఎందుకు నేర్చుకోలేదు?" అని అడిగింది. ఆ రోజు నుంచి కిటికీలో కూర్చుని ఎవరి బిడ్డకూ ఏమీ లేదని నేను తీర్పు చెప్పలేదు. పాలు దూరంగా ఎగిరి పడుతున్నా, వాంతి పచ్చగా ఉన్నా, నెత్తురు కనిపించినా, పొట్ట ఉబ్బినా, బరువు పెరగకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, జ్వరం ఉన్నా మీ పని ఒక్కటే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డాక్టరు ముందు నిలబెట్టండి.

నోట్లోకి ఏం పోయింది

పెనుకొండలో నాకు పని నేర్పింది రామచంద్రప్ప సార్. హిందూపురం పక్క మనిషి, సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం విసుగు. "ఏమమ్మీ, ఆడ నిలబడి నిద్రపోతాండావా?" అన్నది నేను ఆయన నోట విన్న మొదటి మాట. మూడు నెలల దాకా నన్ను సీసా ముట్టనివ్వలేదు. పక్కన నిలబడి వినమన్నాడు, అంతే. నాకు లోపల మండిపోయేది.

ఒక రోజు రామగిరి నుంచి ఒక అవ్వ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. రెండు నెలల పిల్ల, వారం రోజులుగా వాంతులు. డాక్టరు ఏం మందులు వాడారని అడిగితే ఏమీ వాడలేదని చెప్పిందట. ఆయన వాంతుల మందు రాసి పంపించాడు. మా సార్ చీటీ పక్కన పెట్టి అవ్వను కూర్చోబెట్టాడు. "అవ్వా, పొద్దున లేచినప్పటి నుంచి ఈ బిడ్డ నోట్లోకి ఏమేమి పోయిండాది? వరసగా చెప్పు."

"ఏం పోతాది నాయనా, పాలు."

"పాలకన్నా ముందు?"

"నీళ్ళు పోసినాక వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తా. మాటలు బాగా వస్తాయని."

"ఎంత?"

అవ్వ చిటికెన వేలు ముందు కొసను చూపించింది. కాసేపు ఆలోచించి, ఈ మధ్య కడుపు ఉబ్బరంగా ఉందని సాయంత్రం కూడా రాస్తున్నానని చెప్పింది. ఇంకాసేపటికి ఆముదం చుక్క కూడా బయటికి వచ్చింది. సార్ ఆమెను ఒక్క మాట కూడా తిట్టలేదు. "వస మంచిదే అవ్వా, నీ అంత మనిషికి. ఈ బిడ్డకు వద్దు. ఒక వారం ఏమీ రాయకుండా చూడు, తగ్గకపోతే నన్ను తిట్టు" అని చెప్పి, డాక్టరుతో మాట్లాడి ఆ మందు కొట్టేయించాడు. తగ్గిపోయింది. ఆ అవ్వ అబద్ధం చెప్పలేదు, ఆమె లెక్కలో వస మందు కాదు. మందులేమైనా వాడారా అని అడిగితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

సార్ దగ్గర నేర్చుకున్న రెండో సంగతి, చెప్పి వదిలెయ్యకూడదని. తల్లి చేతికే డ్రాపరు ఇచ్చి, ఎంత తీస్తావో తీసి చూపించమనేవాడు. గీత దాకా తీసి చూపించాకే సీసా కట్టి ఇచ్చేవాడు. వెనక వరస ఎంత గొణిగినా ఆయనకు పట్టేది కాదు.

మందు వల్ల వచ్చే ఇబ్బందుల గురించి కూడా ఇక్కడే చెబుతాను. ముందే చెబితే తల్లులు భయపడి మందు మానేస్తారని మనవాళ్ళలో చాలామంది వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఇనుము చుక్కలు వేస్తే విరేచనం నల్లగా వస్తుందని ఎవరూ చెప్పకపోతే, నల్లటి గుడ్డ చూసిన తల్లి బిడ్డ లోపల ఏదో అయిపోయిందని హడలిపోయి అప్పుడు మానేస్తుంది. యాంటీబయాటిక్‌తో మోషన్స్ కావచ్చు. జలుబు మందుతో కొందరు బిడ్డలు మత్తుగా పడి ఉంటారు, కొందరు రాత్రంతా ఆడుకుంటారు. అసలు ఆ జలుబు మందులు అంత చిన్న బిడ్డలకు వద్దేవద్దు. వాంతుల మందులతో ఒక్కోసారి బిడ్డ మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కళ్ళు పైకి నిలిచిపోతాయి. చూసినవాళ్ళు మూర్ఛ అనుకుంటారు, లేదా గాలి సోకిందనుకుంటారు. మందు ఆపి వెంటనే బిడ్డను తెమ్మని చెప్పి ఉంచితే మీ ఇద్దరికీ మంచిది. ఇది ఇంత నిబ్బరంగా రాస్తున్నానంటే కారణం ఉంది.

చిన్న సీసా

ధర్మవరంలో నా చివరి సంవత్సరాల్లో జరిగింది. ఇమాంబీ అని ఇరవై ఏళ్ళ అమ్మాయి. మొగుడు దస్తగిరి పరుపులు కుట్టేవాడు. అత్త హుస్సేనమ్మది పెద్ద గొంతు, ఇంటి పెత్తనమంతా ఆమెదే. ఇమాంబీకి మూడు నెలల కొడుకు. బిడ్డ పాలు కక్కడం గురించి ఆమె అప్పటికే రెండుసార్లు వచ్చి ఉంది. నేను చెప్పినట్టు భుజాన వేసుకుని నిలబడి ఉండేది, ఉయ్యాల సంగతి అత్తకు చెప్పలేక నన్ను చెప్పమనేది. ఒద్దికైన పిల్ల. ఆమె వస్తే నాకు సంతోషంగా ఉండేది.

ఒక సోమవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఈసారి బిడ్డకు దగ్గు, తాగింది తాగినట్టు వాంతి. చిన్న డాక్టరు చూసి వాంతుల మందు సిరప్ రాశాడు. పూటకు ఒక ఎమ్మెల్, మూడు పూటలు. మా దగ్గర ఆ సిరప్ అయిపోయింది. అదే మందు చుక్కల రూపంలో, చిన్న సీసాల్లో ఉంది. నేను ఆ చిన్న సీసా తీసి ఇచ్చాను.

ఇక్కడ కాస్త ఆగి వినండి. చిన్న సీసా చూడగానే చిన్న బిడ్డల మందు కదా, పల్చగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. నాలుగు చుక్కల్లో సరిపోవాలని చుక్కల మందును చిక్కగా చేస్తారు. ఆ మందు విషయంలో సిరప్ కన్నా చుక్కలు పదింతలు ఘాటు. సిరప్‌లో ఒక ఎమ్మెల్ ఇవ్వాల్సిన చోట చుక్కల్లో రెండు మూడు చుక్కలు చాలు. ఇది నాకు తెలియక కాదు. ఎంతమందికో నేనే నేర్పాను. సోమవారం, వెనక పొడుగాటి వరస, ఎవరో చీటీ మీద సంతకం లేదని గొడవ. చీటీ మీద ఒక ఎమ్మెల్ అని ఉంది, నా నోటికి అదే వచ్చింది.

"ఒక ఎమ్మెల్, మూడు పూటలు, పాలకు ముందు."

ఇమాంబీ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "మేడమ్, మా ఆడబిడ్డ కొడుక్కి ఇచ్చినప్పుడు సీసా పెద్దదుండె కదా?"

"మందు అదే. సీసా చిన్నది, అంతే. నడువమ్మా, వెనక జనం ఉన్నారు."

డ్రాపరుతో తీసి చూపించమనలేదు. చూపించమని ఉంటే ఒక ఎమ్మెల్ గీత దాకా నిండిన ఆ డ్రాపరు చూసి నాకు అక్కడికక్కడే వెలిగేది. ఆ పిల్ల అడగాల్సిన ప్రశ్నే అడిగింది. నేను తోసిపుచ్చాను.

మర్నాడు పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర కేకలు వినిపించాయి. దస్తగిరి బిడ్డను రెండు చేతుల మీద మోసుకుని పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. బిడ్డ మెడ ఎడమ పక్కకు మెలిపడి ఉంది, వీపు విల్లులా వంగింది, కళ్ళు పైకి నిలిచిపోయాయి. మెడలో అప్పుడే కట్టిన తాయెత్తు. హుస్సేనమ్మ గుండెలు బాదుకుంటూ, "గాలి సోకిండాది, వద్దన్నా వినకుండా మిట్టమధ్యాన్నం బిడ్డనెత్తుకుని బయటికొచ్చె ఇది" అని కోడలిని చూపిస్తోంది. వెనక ఇమాంబీ, కాళ్ళకు చెప్పులు లేవు, చేతిలో ఆ చిన్న సీసా. సీసాలో మందు ఎంత తగ్గి ఉందో నాకు కిటికీలోంచే కనిపించింది.

సోమవారం మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, పొద్దున ఒకటి. మూడు పూటలు, పదింతలు.

వెంటనే లేచి పరిగెత్తానని రాయాలని ఉంది. పరిగెత్తలేదు. కిటికీ ముందు ఇద్దరు ఉన్నారు, ఆ రెండు చీటీలకూ మందులు తీసి ఇచ్చాను. చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి. లోపల ఒకటే ఆలోచన, చెబితే ఏమవుతుంది, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది. రెండో చీటీ అయ్యాక చిన్న డాక్టరు గొంతు వినిపించింది, మూర్ఛలా ఉంది, అనంతపురానికి అంబులెన్సు పిలవండి అని. దారిలో మూర్ఛ మందు ఇస్తారు, అక్కడ వెన్నులో సూది వేస్తారు, లేని జబ్బు కోసం వెతుకుతారు. అప్పుడు లేచాను.

"డాక్టర్, ఇది మూర్ఛ కాదేమో. వాంతుల మందు. సిరప్‌కి బదులు చుక్కలు ఇచ్చాను. కొలత మార్చలేదు. పొరపాటు నాది."

ఆ కుర్రాడు నా వైపు ఒక్క క్షణం చూశాడు. ఇప్పటికీ అతనికి రుణపడి ఉన్నాను, ఎందుకంటే నన్ను నిందించడానికి ఆగలేదు. మందు ఆపించి, పెద్దాసుపత్రి పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, ఆయన చెప్పిన విరుగుడు ఇచ్చాడు. గుండె ఎలా కొట్టుకుంటోందో ఈసీజీ పట్టీ తీయించాడు. సాయంత్రం నాలుగింటికి బిడ్డ మెడ నిటారుగా వచ్చింది. ఐదింటికి ఏడ్చాడు. ఆ ఏడుపు విని నేను మందుల గదిలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మందు పడలేదు

ఆసుపత్రి వ్యవహారాలు చూసే పెద్దాయన ఆ సాయంత్రమే నన్ను పిలిచాడు. మంచివాడు, ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుందని ఎప్పుడూ భయపడే మనిషి. "బిడ్డ బాగుండాడు కదమ్మా. దేవుడు సల్లగ చూసినాడు. ఇంగ యాలా దీన్ని పెద్దది చేసేది? మందు పడలేదని చెప్దాం. కొందరు బిడ్డలకి పడదు గదా, అబద్ధమేం కాదు గదా."

అదీ నిజమే. సరైన కొలతలో ఇచ్చినా ఒక్కోసారి ఇలా అవుతుంది. ఆ సగం నిజాన్ని నేను రెండు చేతులా పట్టుకున్నాను. డాక్టరుకు చెప్పాను, బిడ్డకు సరైన వైద్యం అందింది, ఇంకేం కావాలి అని సర్దిచెప్పుకున్నాను. ఆ రెండు రోజులూ నేను చేసినంత పని ఎప్పుడూ చేయలేదు. చుక్కల సీసాలన్నీ వేరే అరలోకి మార్చాను. ప్రతి దాని మీద ఎర్ర కాగితం అంటించి, ఎన్ని చుక్కలు వెయ్యాలో పెద్ద అక్షరాలతో రాశాను. చీటీలో రాసిన మందు లేకపోతే డాక్టరును అడగకుండా వేరేది ఇవ్వకూడదని గోడ మీద అంటించాను. అన్నీ మంచి పనులే, మీరూ చెయ్యండి. కానీ వార్డు వైపు మాత్రం వెళ్ళలేదు. అవతలి వరండాలోంచి తిరిగి వెళ్ళేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం బిడ్డను ఇంటికి పంపిస్తున్నారు. నర్సు సెలవులో ఉంది, దగ్గుకు రాసిన యాంటీబయాటిక్ పట్టుకుని నేనే వెళ్ళాల్సి వచ్చింది.

మంచం మీద హుస్సేనమ్మ కూర్చుని ఒళ్ళో మనవడిని పెట్టుకుని గిన్నెలోంచి చెంచాతో డబ్బా పాలు తాపుతోంది. ఇమాంబీ అవతల గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. రవిక ముందు భాగమంతా పాలతో తడిసిపోయి ఉంది. బిడ్డ నోరు తెరిచినప్పుడల్లా ఆ పిల్ల చేతులు కొంచెం పైకి లేచి, మళ్ళీ ఒళ్ళో పడుతున్నాయి.

"తల్లి పాలు ఇవ్వడం లేదా?" అని అడిగాను.

"దాని చేతికి ఇంగ బిడ్డనిచ్చేది లేదు" అంది హుస్సేనమ్మ. "మందు పడలేదని మీరంటాండారు గానీ మాకి తెల్దా? ఎన్నిసార్లు తాపిందో, ఎంత తాపిందో! సగం నిద్దరలో లేచి తాపేది, చెయ్యి కుదురుండదు దీనికి. బిడ్డను చంపుకుని తినుండు. ఇంటికి పోతానే దీన్ని నల్లచెరువుకు పంపిస్తాండాం, వాళ్ళమ్మోళ్ళింటికి. బిడ్డ నా దగ్గరే ఉంటాడు."

ఇమాంబీ అత్త వైపు చూడలేదు. నా వైపు చూసింది. "ఒక ఎమ్మెల్లే తాపినా మేడమ్" అంది మెల్లగా. "మీరు చెప్పినట్లే తాపినా. గీత సరిగా చూడలేదేమో. రాత్రి లైటు సరిగా లేదు. నేనే తప్పు కొలిచినానేమో మేడమ్. నాకే గుర్తు లేదేమో."

మూడు రోజుల్లో ఆ పిల్ల తన కళ్ళనే నమ్మడం మానేసింది. సరిగ్గా ఒక ఎమ్మెల్ కొలిచిన చెయ్యి అది. నా తప్పును నేను నోరు మూసుకుని దాచుకుంటే అది ఎక్కడికీ పోలేదు. వెళ్ళి నేరుగా ఆ పిల్ల నెత్తిన కూర్చుంది. బిడ్డకు ఏదైనా అయితే ఇంట్లో అందరూ మొదట ఎవరి వైపు చూస్తారో ముప్పై ఏళ్ళుగా కిటికీలోంచి చూస్తూ కూడా నాకు తట్టలేదు.

"ఇమాంబీ, నువ్వు సరిగ్గానే కొలిచావు" అన్నాను. "నీకు నేను ఇచ్చింది వేరే సీసా. అది పదింతలు ఘాటైన మందు. అందులోంచి రెండు మూడు చుక్కలు వెయ్యాలి. నేను ఒక ఎమ్మెల్ అని చెప్పాను. సీసా చిన్నదేంటని నువ్వు అడిగావు, నేను వినిపించుకోలేదు. తప్పు నాది."

హుస్సేనమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. "ఏమంటాండావమ్మా నువ్వు?"

"నేను తప్పు మందు ఇచ్చానంటున్నాను. మీ కోడలు చేసిందేమీ లేదు."

ఇక ఆమె బిడ్డను మంచం మీద పడుకోబెట్టి లేచింది. వార్డంతా తలలు తిప్పి చూసేట్టు తిట్టింది. చదువుకున్నోళ్ళు మీరే ఇట్ల చేస్తే మేము యాడికి పోవల్ల, మా బిడ్డకేమన్నా అయ్యుంటే నీ సీసా తెచ్చిస్తుండెనా మా బిడ్డను అని అడిగింది. అన్నీ సరైన మాటలే. తల వంచుకుని నిలబడ్డాను. పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, నా ముఖం చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు. తిట్టి తిట్టి హుస్సేనమ్మ అలిసిపోయింది. మంచం మీద కూలబడి కాసేపు మనవడి కాళ్ళు నిమిరింది. కోడలిని క్షమించమనడం ఆమెకు వచ్చిన విద్య కాదు. లేచి వెళ్ళి బిడ్డను ఇమాంబీ ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో. పాలు గడ్డ కట్టుకుపోయుంటాయి నీకి."

ఇమాంబీ కొంగు చాటున బిడ్డను రొమ్ముకు పట్టింది. పాలు తాగే చప్పుడు వినిపించేదాకా తల ఎత్తలేదు. తర్వాత ఎత్తి, "అయితే నేను కాదు కదా మేడమ్?" అంది.

"నువ్వు కాదు తల్లీ. నేను."

నేను మందు సీసా బల్ల మీద పెట్టి బయలుదేరబోయాను. ఆ పిల్ల నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"మా ఆయన ఆటో తెచ్చేకి పోయినాడు. ఆయన నాతో మూడు రోజుల్నుంచి మాట్లాడలా. ఆయనొచ్చినాక ఇంగోసారి చెప్తారా మేడమ్?"

కిటికీ దగ్గర వరస పెరుగుతోందని ఎవరో వచ్చి పిలిచారు. ఆగమన్నాను. ఆ మంచం పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి దస్తగిరి వచ్చాడు, ఆటో గేటు దగ్గర ఉందని తల్లితో చెబుతూ. అతన్ని ఆపి, భార్య ముందు నిలబెట్టి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.